పట్టు అంచు మీద ఎనిమిదో చుక్క

ఉద్యోగంలో చేరిన కొత్తలో నోటు పుస్తకాలను ఇంటికి మోసుకుపోయి దిద్దేవాణ్ణి. పదేళ్లు గడిచాక బడిలోనే దిద్దేవాణ్ణి. ఇంకో అయిదేళ్లు పోయాక దిద్దడం మానేసి సంతకాలు పెట్టేవాణ్ణి. ఎర్ర పెన్ను, పేజీ చివర ఒక టిక్కు, పొడి అక్షరాలు, తారీఖు. నలభై పుస్తకాలు అరగంటలో అయిపోయేవి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మీరు కొత్తగా బడుల్లో చేరినవాళ్లు, ఎప్పుడో ఒకనాడు మీ చెయ్యి కూడా అట్లాగే పరుగెత్తుతుంది కాబట్టి చెబుతున్నాను. నీతులు చెప్పే ఓపిక నాకు లేదు. జరిగింది చెబుతాను, అంతే.

మాది ఖిల్లా ఘణపూర్ వైపు. నేను భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పే టీచర్ని, ఊళ్లో వాళ్ల మాటలో సైన్సు సారుని. మొదట బల్మూర్‌లో, ఆ తర్వాత పెద్దమందడిలో పనిచేశాను. రెండుచోట్లా లెక్కలు కూడా నా నెత్తినే పడ్డాయి. ఎనభైల చివర్లో గద్వాలకు బదిలీ అయ్యేసరికి నాకు నలభై దాటాయి. అప్పటికే ఓటర్ల జాబితాలని, జనాభా లెక్కలని, ఎన్నికల డ్యూటీలని తిరిగి తిరిగి కాళ్లు అరిగిపోయాయి. పాఠం చెప్పడం అనేది మధ్యమధ్యలో తీరిక దొరికితే చేసే పనిలా తయారైంది. పొద్దున లేస్తూనే అలసటగా ఉండేది. ఒంట్లో ఏ రోగమూ లేదు. ఊరికే అలసట.

గద్వాల బడిలో సైన్సు గది లేదు. హెడ్మాస్టరు గదిలో ఒక ఇనప బీరువా, దానికి రెండు తాళాలు. లోపల పరీక్ష నాళికలు, గడ్డకట్టిపోయిన రసాయనాలు, ఎవరో ఎప్పుడో కట్టి పెట్టిన దారాల ఉండ. ఏ గాజు ముక్క పగిలినా రిజిస్టరులో రాయాలి, రాస్తే సంజాయిషీ ఇవ్వాలి. అందుకని ఆ బీరువాను ఎవరూ తెరవరు. నేనూ చార్జి తీసుకున్న రోజు ఒక్కసారి తెరిచి చూసి, మళ్లీ తాళం వేసి, ఆ తాళాల సంగతే మరిచిపోయాను.

పదో తరగతిలో సగానికి పైగా మగ్గాల ఇళ్ల నుంచి వచ్చే పిల్లలే. బడికి వచ్చేముందే కండెలకు నూలు చుట్టి, అమ్మానాన్నలకు అందిచ్చి వచ్చేవాళ్లు. వాళ్ల వేళ్లు చూస్తే తెలిసిపోయేది. మూడో బెంచీలో గోడవారగా ఒక అమ్మాయి కూర్చునేది. ఆ పిల్ల ప్రశ్నలు అడిగేది. నాకు ఆ ప్రశ్నలంటే భయం కాదు, విసుగు. నిజం చెప్పాలంటే భయం కూడా కొంచెం ఉండేదేమో.

రసాయన బంధం పాఠం మొదలుపెట్టాను. సుద్దముక్కకు దారం కట్టి బోర్డు మీద గుండ్రాలు గీశాను. మధ్యలో కేంద్రకం, చుట్టూ కక్ష్యలు. సోడియానికి రెండు, ఎనిమిది, ఒకటి. క్లోరిన్‌కు రెండు, ఎనిమిది, ఏడు. "బయటి కక్ష్యలో ఎనిమిది ఉంటే పరమాణువు నిమ్మళంగా ఉంటుంది. సోడియం ఆ ఒక్కటీ ఇచ్చేసిందా, లోపలి ఎనిమిది మిగులుతాయి. క్లోరిన్‌కు ఒకటి దొరికిందా, ఎనిమిదవుతాయి. ఇది ఇస్తుంది, అది తీసుకుంటుంది. ఇచ్చిందానికి ధనావేశం, తీసుకున్నదానికి రుణావేశం. రెండూ పట్టుకుంటే మీరు కూరలో వేసుకునే ఉప్పు" అన్నాను. ఏటేటా ఇదే మాట, ఇదే గొంతు.

గోడవారగా కూర్చున్న అమ్మాయి లేచింది.

"సార్, ఇచ్చినంక సోడియం మల్ల వాపసు అడగదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "అడగదమ్మా. వదిలించుకోవడమే దానికి హాయి."

"మరి రెండు క్లోరిన్లే కలిస్తే సార్? ఇద్దరికీ తక్కువనే గదా. ఎవలిస్తరు?"

"ఎవరూ ఇవ్వరు. చెరొకటి మధ్యలో పెట్టి ఇద్దరూ పంచుకుంటారు. అది సమయోజనీయ బంధం. రేపు చెప్తా, కూర్చో."

"మా జేజి నూలుపోగూ పట్టుపోగూ కలిపి మెలేస్తది, గట్లనా సార్?"

జేజి అంటే అక్కడ నాయనమ్మ. వాళ్ల జేజి ఏం మెలేస్తుందో, ఎట్లా మెలేస్తుందో నాకు తెలియదు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు అని విన్నానే గానీ, రెండూ ఎక్కడ కలుస్తాయో ఎన్నడూ చూడలేదు. "ఆ, అట్లాంటిదే" అని చెప్పి కూర్చోబెట్టాను.

ఆ వారంలోనే పైనుంచి తనిఖీ ఉందని కబురొచ్చింది. హెడ్మాస్టరు మంచివాడే, కానీ తనిఖీ అంటే ఆయనకు జ్వరం వచ్చేది. "ఏదన్న ఒక ప్రయోగం చేసి చూపియ్యవయ్యా, పిల్లలు రెండు ముక్కలన్న చెప్పాలె గదా. మనల్ని పరేషాన్ చేస్తరు" అన్నాడు. బీరువా తెరిచే ధైర్యం ఇద్దరికీ లేదు. మరుగుదొడ్లలో చల్లడానికి అటెండరు దగ్గర బ్లీచింగ్ పౌడర్ డబ్బా ఉండేది. అందులోంచి గుప్పెడు తెప్పించి, గ్లాసు నీళ్లలో కలిపాను. నా జేబురుమాలు మీద సిరా పోసి అందులో ముంచాను. కాసేపటికి నీలం మరక మాయమైంది. రుమాలు పైకెత్తి చూపించేసరికి తరగతంతా చప్పట్లు. అన్నేళ్ల ఉద్యోగంలో నా పాఠానికి చప్పట్లు పడటం అదే మొదలు. ఒళ్లు మరిచిపోయాను.

"క్లోరిన్‌కు ఎలక్ట్రాన్ కరువని చెప్పుకున్నాం గదా. సిరా రంగులో ఉన్న ఎలక్ట్రాన్లను అది లాక్కుంటుంది. అక్కడి బంధాలు తెగిపోతాయి, రంగు పోతుంది" అని గొప్పగా వివరించాను.

ఆ అమ్మాయి మళ్లీ లేచింది.

"సార్, రంగు అయిపోయినంక గా క్లోరిన్ ఊకుంటదా? ఇంకెవల్దన్న గుంజుకుంటదా?"

ఇప్పటికీ ఆ ప్రశ్న తలుచుకుంటే చెప్పుతో కొట్టినట్టు ఉంటుంది. నా ఉద్యోగంలో అంతకంటే మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. అప్పుడే గంట కొట్టారు. ఆకలిగా ఉంది. చప్పట్ల మత్తు ఇంకా దిగలేదు. "గుడ్డకు ఏమీ కాదు. ఇదిగో చూడు, చిరిగిందా? లేదు గదా. అదంతా సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. ఆమె కూర్చుని ఏదో రాసుకుంది.

మర్నాడు హెడ్మాస్టరు అన్ని పుస్తకాల మీదా సంతకాలు ఉండాలన్నాడు. స్టాఫ్ గదిలో తెలుగు పంతులుగారితో పిచ్చాపాటీ మాట్లాడుతూ నలభై పుస్తకాలూ ముగించాను. తనిఖీకి వచ్చినాయన టీ తాగి, నాలుగు పుస్తకాలు తిరగేసి, బాగుందని రాసి వెళ్లిపోయాడు.

పది రోజులు కూడా గడవలేదు. ఒకనాడు మొదటి పీరియడ్‌లో అటెండరు వచ్చి, హెడ్మాస్టరు పిలుస్తున్నారన్నాడు. వెళ్లేసరికి ఆ గదిలో సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చంకలో గుడ్డ మూట. పక్కన ఆ అమ్మాయి, సంచి గుండెకు అదుముకుని.

"మీరే సైన్సు సారా? జర ఇది సూడుండ్రి" అంటూ అతను మూట విప్పి బల్ల మీద పరిచాడు.

తెల్లటి నూలు చీర. రంగు వేయని మీగడ రంగు పట్టు అంచు, దాని మీద జరీ. అంచులో ఒకచోట అరచేయంత మేర పట్టు పచ్చబడి, నానిన కాగితంలా పీలికలై ఊడిపోయింది. నల్లబడిన జరీ తీగలు మాత్రం ఆ చిల్లులో వేలాడుతున్నాయి. దానికి ఆనుకునే ఉన్న నూలు ఏమీ ఎరగనట్టు తెల్లగా, నిక్షేపంగా ఉంది.

"ముగ్గురం కూసొని నేసినం సార్. తెల్లారితే షావుకారికి అప్పజెప్పాలె. ఈ పొల్ల పక్కన కూసొని రాసుకుంటూ పెన్ను ఇదిలిచ్చింది, సిరా పడ్డది. పడితే పడ్డది, కాళ్లో గడ్డమో పట్టుకుందుము. మాకు చెప్పలే. బ్లీచింగ్ నీళ్లల్ల నానవెట్టింది. ఎందుకే అంటే, గుడ్డకు ఏం గాదని సారు చెప్పిండంటది. మీరు చెప్పిండ్రా?"

హెడ్మాస్టరు నా వైపు చూశాడు. ఆ చూపులో ఉన్నది నాకు బాగా అర్థమైంది. మనకెందుకయ్యా లొల్లి, తప్పించుకో, అని.

"నేను నూలు గుడ్డకు ఏమీ కాదని చెప్పాను. పట్టుకు అని చెప్పలేదు" అన్నాను.

నూలు అనే మాట నేను ఆ రోజు నోటివెంట అననేలేదు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! నాకే ఆశ్చర్యమేసింది.

తండ్రి కూతురి వైపు తిరిగాడు. "ఏం పిల్లా? సారు నూలుకనే చెప్పిండా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపూ లేదు. బోర్డు మీద లెక్క ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు చూసింది. సంచి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అవ్ నాయినా. నేనే సరిగ్గ వినలే."

"గీమాత్రం కూడ వినరాకుంటే బడెందుకు నీకు? మల్లొక చీర నెయ్యాలె. రేపటి సంది మగ్గం కాడ కూసో. బడి బందు."

అతను చీర మడిచి మూట కట్టుకున్నాడు. ఆ అమ్మాయి చెప్పులు వేసుకుని అతని వెనక వెళ్లిపోయింది. పరీక్షలకు ఇంకా మూడు నెలలు కూడా లేవు. "పోయింది పీడ. కూసో, టీ తాగు" అన్నాడు హెడ్మాస్టరు. తాగాను. అదీ నా సంగతి.

మధ్యాహ్నం అటెండరు నా దగ్గరికి వచ్చి గొణిగాడు. ఆ బడిలో అందరికంటే ఎక్కువ కాలం పనిచేసినవాడు అతనే.

"సార్, ఆ పౌడరు నేనే ఇస్తి. సైన్సు పిల్ల గదా, ప్రయోగమేమో అనుకున్న."

"సర్లే, అయిపోయింది."

"అది కాదు సార్. పొల్ల సంచిల నోటు పుస్తకం సగం బయటికుండె. తీస్తదేమో, తీస్తదేమో అని నేను వాకిట్ల నిలవడి చూస్తుంటి. తియ్యలే."

ఆ పుస్తకంలో నా మాట ఉంటుంది. ఆ మాట కింద నా సంతకం ఉంటుంది. అది చేతిలో పెట్టుకుని, తండ్రి ముందు తను మొద్దునని ఒప్పుకుందా పిల్ల!

తెలుగు పంతులుగారికి చెబితే, "ఇప్పుడు పోయి ఏం చేస్తావు? ఆడపిల్లను మాన్పించాలని వాళ్లకు ఎప్పటినుంచో ఉంటుంది, ఇదొక వంక" అని తేల్చేశాడు. నాకూ అట్లా అనుకోవడమే సుఖంగా ఉంది. మూడు రోజులు అట్లాగే అనుకున్నాను. హాజరు పిలిచేటప్పుడు ఆమె నంబరు దాటేసి తర్వాతిది పిలిచేవాణ్ణి. గోడవారగా ఆమె చోటు ఖాళీ. ఇంకెవరూ ప్రశ్నలు అడగడంలేదు. పాఠం తొందరగా అయిపోతోంది. అది భరించలేకపోయాను.

శనివారం ఒంటిపూట బడి. అన్నం తినకుండానే వాళ్ల వీధికి వెళ్లాను. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. వాళ్ల ఇంట్లో తండ్రి గుంటమగ్గంలో కూర్చుని ఉన్నాడు. కూతురు పక్కనే కూర్చుని అంచు కండె అందిస్తోంది. గోడ దగ్గర ముసలమ్మ, జేజి, వేళ్లకు బూడిద అద్దుకుని, నూలుపోగు కొసకు పట్టుపోగు కొస చేర్చి మెలిపెడుతోంది. ఒకటయ్యాక ఒకటి. వందలకొద్దీ పోగులు ఆమె ముందు వరుసగా ఉన్నాయి. ఆ అతుకు మీద వేలు పెట్టి చూసినా తెలియదు. నేను చూడకుండానే 'ఆ, అట్లాంటిదే' అన్నది దీన్ని.

నన్ను చూసి మగ్గం ఆపారు. పీట వేశారు. నేను కూర్చోలేదు.

"అమ్మా, సైన్సు పుస్తకం తీసుకురా."

ఆమె ముఖం పాలిపోయింది. "ఎందుకు సార్? ఒద్దు సార్."

"తీసుకురా."

తెచ్చింది. పేజీలు తిప్పాను. ఎంత చక్కటి రాత! ప్రశ్న: రంగు అయిపోయిన తర్వాత క్లోరిన్ ఎవరి ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది? జవాబు: గుడ్డకు ఏమీ కాదు. దాని కింద ఎర్ర టిక్కు, నా పొడి అక్షరాలు, తారీఖు. తర్వాతి పేజీలో క్లోరిన్ గుర్తు వేసి, చుట్టూ ఎలక్ట్రాన్లకు చుక్కలు పెట్టింది. ఏడు చుక్కలున్నాయి. పక్క పరమాణువు నుంచి రావలసిన ఎనిమిదోదాని చోటు ఖాళీ. అక్కడ పెన్ను రాయకపోతేనే విదిలించింది.

ఆ ప్రశ్న, ఆ జవాబు గట్టిగా చదివాను. "అన్నా, ఇందులో నూలు అనే మాట లేదు. నేను అనలేదు గనక లేదు. ఈ సంతకం నాది. చదవకుండా పెట్టాను. ఆ రోజు మీ ముందు అబద్ధం చెప్పాను. ఈ పిల్ల సరిగ్గానే విన్నది."

తండ్రి పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ ఎర్ర టిక్కు చూశాడు. తర్వాత తండ్రి అడిగాడు. "పట్టు గా నీళ్లకు ఆగదని మీకు తెల్వదా సార్?"

"చదువుకున్నాను. మరిచిపోయాను. నూలు చెట్టుది, పట్టు పురుగుది. రెండింటిలో పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న తీరు వేరు. ఆ క్లోరిన్ రంగుతో ఆగదు. పట్టులో ఉన్న బంధాలను కూడా తెంపుతుంది. నీ బిడ్డ అడిగింది అదే. నేను కూర్చోమన్నాను."

జేజి బూడిద వేళ్లు దులుపుకుంది. "గింతదానికి సదువెందుకయ్యా! సబ్బుసోడ జర ఎక్కువైతేనే పట్టు పానం ఇడుస్తది. ఈ వీధిల ఎవల్ని అడిగినా చెప్తుండ్రి. ఏమే, నన్ను అడగొద్దా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "సారు చెప్పినంక నిన్ను అడుగుడేందని అనుకున్న జేజీ. మొదలు నూలు కొసన పెట్టి సూసిన, సారు లెక్కనే. ఏం గాలే. గందుకే పట్టుకు పెట్టిన."

పరీక్షించి చూసుకున్నది కూడా! నాకంటే ఆ పిల్లే నయం. వీధి వీధంతా తెలిసిన సంగతిని నా మాట మీద నమ్మకంతో పక్కన పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

"చీరకు నా వంతు నేను…" అని మొదలుపెట్టాను.

"పైసల మాట ఎత్తకుండ్రి సార్. షావుకారితోని నేను మాట్లాడుకుంట." అతను పుస్తకం మూసి కూతురి చేతిలో పెట్టాడు. "సారుకే యాదికి లేనిది నా బిడ్డకెట్ల తెలుస్తది? సోమారం తోలిస్త. అది అడిగినప్పుడు జవాబు చెప్పుండ్రి. తెల్వకుంటే తెల్వదనుండ్రి. గంతే సాలు."

వచ్చేటప్పుడు జేజిని అడిగి నాలుగు పట్టుపోగులు, నాలుగు నూలుపోగులు కాగితంలో చుట్టుకుని తెచ్చుకున్నాను.

సోమవారం బీరువా తాళాలు రెండూ తీయించాను. హెడ్మాస్టరు గుండె పట్టుకున్నంత పనిచేశాడు. రెండు పరీక్ష నాళికల్లో బ్లీచింగ్ నీళ్లు పోసి, ఒకదాంట్లో నూలు, ఒకదాంట్లో పట్టు వేసి తరగతి ముందు పెట్టాను. పీరియడ్ అయ్యేసరికి పట్టు తెగిపోయింది. "అదే నీళ్లు గదా సార్, నూలు ఎప్పటికీ ఆగుతదా?" అని అడిగింది ఆ అమ్మాయి. "చాలాసేపు ఉంచితే అదీ ఆగదనుకుంటాను. ఎంతసేపో నాకు తెలియదు" అన్నాను. తరగతిలో నేను తెలియదనడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. కడిగేటప్పుడు అటెండరు చేతిలో ఒక నాళిక పగిలింది. రిజిస్టరులో రాశాను. సంజాయిషీ కూడా ఇచ్చాను. ఉద్యోగమేమీ పోలేదు.

ఆ అమ్మాయి పదో తరగతి గట్టెక్కింది. మరుసటి ఏడాది నన్ను నాగర్‌కర్నూల్‌కు వేశారు. ఆ తర్వాత ఆమె సంగతి నాకు తెలియదు. అప్పటినుంచి నేను పూర్తిగా మారిపోయానని కూడా అనుకోకండి. ఎన్నికల డ్యూటీ నుంచి తిరిగొచ్చిన రోజుల్లో చెయ్యి మళ్లీ పరుగెత్తేది. పరుగెత్తేటప్పుడు ఒక్కోసారి ఆగేది. నాకు గుర్తుండిపోయింది ఆ సోమవారం సాయంత్రమే.

అందరూ వెళ్లిపోయాక ఆమె పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, గా జవాబు కొట్టెయ్యాల్నా?"

"వద్దు. అది అట్లాగే ఉండనీ. కింద రాయి."

నిలబడే రాసింది. 'నూలు కొంతసేపు ఆగుతుంది. పట్టు ఆగదు.' రాసి నా ముందు పెట్టింది. నేను అలవాటుగా ఎర్ర పెన్ను మూత తీశాను. ఆమె పుస్తకం కొస వదల్లేదు.

"ఈసారి సదివి పెట్టుండ్రి సార్" అంది.

కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.